వదిన నమ్మని రాతిబొమ్మ

మా వదిన ఎవరినీ నమ్మదు, దేన్నీ నమ్మదు. ఇది నేను ఆవిడ మీద వేస్తున్న నింద కాదు. "నమ్మకం అనేది నా ఒంట్లోనే లేదమ్మాయ్" అని ఆవిడే గొప్పగా చెప్పుకుంటుంది, కొందరు తమకి రక్తపోటు లేదని చెప్పుకున్నట్టు.

ఆవిడ ఇంట్లో గోడకి మూడు గడియారాలు ఉంటాయి. ఒకటి తప్పు చెబితే రెండోది పట్టిస్తుందని. మరి ఆ రెండూ కుమ్మక్కైతే? అందుకని మూడోది. డాక్టరు "మీకేం జబ్బు లేదండీ" అంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళుతుంది. తన జబ్బు కోసం కాదు, మొదటి డాక్టరు ఏం దాస్తున్నాడో తెలుసుకోవడానికి. ఎవరైనా "ఈ శాలువా మీకు బాగుందండీ" అన్నారంటే ఇంటికి వచ్చి శాలువా తిరగేసి, దీపం దగ్గర పెట్టి, చిరుగు ఎక్కడుందో వెతుకుతుంది. ఒక్కోసారి దొరుకుతుంది కూడా. ఇక ఆ వారమంతా ఆవిడని పట్టుకోలేం.

ఆవిడకి పెళ్లి కాకపోవడానికి కారణం కూడా ఇదే. ఒకసారి చూడవచ్చిన వాళ్లు "అమ్మాయి మాకు నచ్చింది" అన్నారట. "ఎందుకు నచ్చాను?" అని అడిగిందట. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. "చూశారా, ముందే మాట్లాడుకుని రాలేదు" అని వదిన లేచి లోపలికి వెళ్లిపోయిందట.

ఆవిడ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. "ఎవరు చెప్పారు మీకు?" వాన వచ్చేలా ఉందంటే, ఎవరు చెప్పారు? పాలు చిక్కగా ఉన్నాయంటే, ఎవరు చెప్పారు? పాలాయనే చెప్పాడంటే ఇంకేముంది, కేసు తేలిపోయినట్టే. "దొంగే సాక్షి" అని గిన్నె ఎత్తి, తల ఒక పక్కకి వాల్చి, కుడి కనుబొమ్మ పైకి లాగి, పెదాలు బిగించి, ఆ పాల వంక చూస్తుంది. ఆ చూపుకి పాలు వాటంతట అవే విరిగిపోవాలి.

ఆవిడ మా ఆయనకి అక్క. తల్లి లేని పిల్లాణ్ని ఎత్తుకుని పెంచింది. మా ఆయన రాళ్లు చెక్కేవారు. ఉలి చప్పుడు ఇరుగుపొరుగుకి ఇబ్బందని, ఆ దుమ్ము నాకు పడదని, వీధి చివర ఉన్న అక్కగారి పెరట్లో షెడ్డు వేసుకున్నారు. నేను రోజూ టీ పంపేదాన్ని. వదిన గేటు దగ్గర దాన్ని వాసన చూసి, ఒక గుక్క తాగి, ఏమీ కాకపోతే అప్పుడు తమ్ముడికి ఇచ్చేది. చివరికి టీలో కాదు, ఆ దుమ్ములోనే ఉంది ఏమున్నా. ఆయన దగ్గు మొదలైంది అక్కడే.

చివరి ఏడాదిలో ఊళ్లోని గ్రంథాలయం వాళ్లు కొత్త హాల్లో పెట్టుకోవడానికి ఒక బొమ్మ చెక్కమన్నారు. పుస్తకం చదువుతున్న స్త్రీ కావాలన్నారు. ఆయన సరేనన్నారు. ఏం చెక్కుతున్నారని నేనడిగితే, "అయ్యాక చూద్దువుగాని" అన్నారు. అయింది. చూసేలోపు ఆస్పత్రి. ఆస్పత్రి తర్వాత ఇక చూడటానికి ఏమీ లేదు. ఆయన పోయాక బొమ్మని హాల్లో పెట్టారు. ఆవిష్కరణకి రమ్మని కారు పంపారు. నేను తలుపు తీయలేదు.

చూసొచ్చిన పక్కింటావిడ మాత్రం చెప్పింది. "చేతిలో పుస్తకం లేదండీ. గుప్పిట మూసుకుని కూర్చున్న ఆడమనిషి. ఎవరినో చూసి చెక్కినట్టే ఉంది గానీ, మీ పోలిక మాత్రం కాదు."

ఆ మాట నాలో ఎక్కడో ఇరుక్కుపోయింది. నోట్లో ఉన్న రాయి ఉమ్మేయవచ్చు. ఇది అలాంటిది కాదు.

నేను బయటికి వెళ్లడం మానేశాను. కానీ వదిన ఊరుకోవాలి కదా. రోజూ పొద్దున్నే వచ్చి తలుపు కొట్టేది. ఆ కొట్టడం కూడా అనుమానంగానే ఉండేది. ముందు మెల్లగా, తర్వాత కాసేపు నిశ్శబ్దం, చెవి తలుపుకి ఆనించి వింటున్నట్టు, ఆ తర్వాత గోడ మీద పటాలు కదిలేలా.

"ఎందుకింతసేపు? లోపల ఏం దాస్తున్నావు?"

"ఏం లేదు వదినా. పడుకున్నాను."

"ఇంత పొద్దెక్కాక? ఎవరు చెప్పారు నీకు ఇంకా తెల్లారలేదని?"

లేచి తీసేదాకా వదిలేది కాదు. లోపలికి వచ్చి వంటగది సోదా చేసేది. పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసేది. గిన్నెలో వేలు పెట్టి చూసేది.

"రాత్రి వండానన్నావు."

"వండాను."

"గిన్నె ఎండిపోయి ఉంది. సాక్ష్యం నీకు వ్యతిరేకంగా ఉందమ్మాయ్."

చివరికి నేను ఏదో ఒకటి వండి ఆవిడకి పెడితే, ముట్టేది కాదు. కంచం నా ముందుకి తోసేది. "ఇందులో ఏం కలిపావో నాకేం తెలుసు? ముందు నువ్వు తిను. నేను చూస్తా." నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూసేది. సగంలో ఆపితే, "అదిగో ఆపేశావు. అంటే ఆ సగంలోనే ఉంది" అనేది. పంతానికి మొత్తం తినేదాన్ని. విషం పెడతానని సొంత వదినే అనుమానిస్తే ఒళ్లు మండదా మరి. కడుపు నిండి, కోపంతో ఆ రోజంతా గడిచిపోయేది.

ఇలా ఉండగా ఆవిడకి ఇంకో చోట పని దొరికింది. వదిన ఆదివారం ఆదివారం గ్రంథాలయానికి వెళ్లి, ఉన్న పత్రికలన్నీ పక్కపక్కన పరిచి, ఒకే వార్తని అన్నింట్లో చదివి, ఎవరు అబద్ధం రాశారో తేల్చేది. ఒక ఆదివారం పక్క హాల్లోంచి ఎవరో మా ఆయన చెక్కిన బొమ్మ గురించి మాట్లాడుతున్నట్టు వినిపించిందట. తల దూర్చింది. అక్కడ ఊళ్లోని కవులు బొమ్మ ముందు కుర్చీలు వేసుకుని, దాని మీద రాసిన కవితలు చదువుకుంటున్నారు.

వాళ్లకి ఒక నియమం ఉంది. కవులు ఒకరినొకరు పొగుడుకుని పాడైపోతున్నారని, ప్రతి కవిత తర్వాతా కవి కాని మనిషెవరైనా లేచి స్పందించాలని పెట్టుకున్నారు. అలాంటి మనిషి దొరకడం కష్టంగా ఉంది. ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి రావడం లేదు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో మా వదిన తల కనిపించింది.

"రండమ్మా, మీరు స్పందించండి" అన్నారు సభ నడిపే పంతులమ్మగారు.

అప్పుడు చదువుతున్నది బీమా ఏజెంటు. ఆయన కవితలన్నీ భవిష్యత్తు గురించే ఉంటాయి.

"రాతి గుప్పిట్లో రేపటి విత్తనం, ఏదో ఒకనాడు వనమవుతుంది" అని చదివి కూర్చున్నాడు.

వదిన లేచింది. "విత్తనమని ఎవరు చెప్పారు మీకు?"

"అదీ... అలా అనిపించిందండీ."

"ఏ విత్తనం?"

"ఏదైనా అనుకోవచ్చు."

"ఏదైనా అనుకోవచ్చంటే మీకు తెలీదన్నమాట. తెలియకుండా వనం దాకా వెళ్లిపోయారు. ఆ ఏదో ఒకనాడు అన్నారే, అది ఎప్పుడు?"

బీమా ఏజెంటుకి చెమటలు పట్టాయట. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతకుముందు వేరే వాళ్లు వేరే సందర్భాల్లో అడిగారు కాబోలు.

తర్వాత పంతులమ్మగారు తన కవిత చదివారు. "ఆమె వింటున్నది, రాని అడుగుల చప్పుడు."

"రాని అడుగులకి చప్పుడు ఎక్కణ్నుంచి వచ్చింది?" అంది వదిన.

ఇంతటితో వాళ్లు ఈవిడని బయటికి పంపేస్తారనే ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ పంతులమ్మగారు ఆ వారమంతా నిద్రపోలేదట. తర్వాతి ఆదివారం కవిత మార్చుకుని వచ్చారు. "ఆమె వింటున్నది, ఆగిపోయిన అడుగుల చప్పుడు."

హాల్లో ఎవరూ కదల్లేదట. వదిన శాలువా అంచు తిరగేసి చూసుకుందట. చివరికి, "ఎవరు చెప్పారు మీకు?" అంది మెల్లగా. పంతులమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతే, ఆ రోజు నుంచి మా వదిన ఆ సభకి శాశ్వత స్పందనకర్త అయిపోయింది. కవులు వణుకుతూ వచ్చేవాళ్లు, కవితలు బాగుపడి వెళ్లేవి.

వదిన మాత్రం తనకి ఇచ్చిన కుర్చీని ప్రతిసారీ కదిపి చూసుకుని గానీ కూర్చునేది కాదు.

ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, సోమవారం పొద్దున నివేదిక నా వంటగదిలోనే. నేను వినను మొర్రో అన్నా వదిలేది కాదు.

"అమ్మాయ్, ఆ బొమ్మ మీద నాకు అనుమానంగా ఉంది."

"నాకు చెప్పకండి వదినా."

"చెప్పడం లేదు. నాలో నేను అనుకుంటున్నా. ఆ ముక్కు మన వైపు ముక్కు కాదు. ఆ కూర్చోవడం చూస్తే మంచి మనిషిలా లేదు. ఏదో దాస్తోంది. గుప్పిట ఎంత గట్టిగా మూసిందనుకున్నావు. మంచివాళ్లకి గుప్పిట మూయాల్సిన అవసరం ఏముంటుంది?"

"ఆయన ఊరికే ఊహించి చెక్కి ఉంటారు."

"మావాడా? ఊహించా? కోడిపిల్లని చెక్కాలన్నా కోడిపిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకునే రకం. ఎవరో వచ్చి కూర్చుంది."

"ఎక్కడ కూర్చుంది? షెడ్డు మీ పెరట్లోనే కదా. మీకు తెలియకుండా ఎవరొస్తారు?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు" అంది వదిన, టీ కప్పు అడుగున ఏముందో చూసుకుంటూ.

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. గాజులమ్మే మనిషిని గేటు దాటనివ్వని ఆవిడ, సొంత పెరట్లో నెలల తరబడి ఎవరో కూర్చుంటే చూడలేదట. కానీ మా ఇంట్లో అనుమానించే పని మొదట్నుంచీ ఒక్కరికే అప్పగించాం. మిగతావాళ్లకి ఆ అలవాటు తప్పిపోయింది.

వారం వారం ఆ రాతి మనిషి నా వంటగదిలో పెరిగిపోతూ వచ్చింది. ఒక సోమవారం ఆవిడ మెడ కొంచెం గర్వంగా ఉందని తెలిసింది. ఇంకో సోమవారం ఆవిడ చూపు సరైంది కాదని తెలిసింది. నేను కూరగాయలు తరుగుతూ ఆ మెడనే తరిగేదాన్ని. రాత్రి ఆయన ఫొటో ముందు దీపం ఆర్పేటప్పుడు ఒక ప్రశ్న నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఆ చివరి ఏడాది మీకు మిగిలిన ఊపిరంతా ఎవరి ముఖం మీద ఖర్చుపెట్టారు? ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి ఆయన లేరు. అడక్కపోతే నాకు నిద్ర లేదు.

ఒక సోమవారం వదిన మామూలు కంటే కోపంగా వచ్చింది. శాలువా విసిరి కుర్చీ మీద పడేసింది.

"ఆ కవుల్లో పళ్ల డాక్టరు ఒకడున్నాడే, వాడు మంచివాడు కాదు."

"ఏం రాశాడు?"

"ఏదో కన్నం. వాడికి లోకమంతా కన్నాలే. నువ్వు ఆ పక్కకి వెళ్లకు."

తర్వాత పంతులమ్మగారి దగ్గర తెలిసింది, ఆ డాక్టరు రాసింది ఇది. "ఆమె బొటనవేలి కింద ఒక చిన్న వెలుతురు కన్నం. ఎక్కడో ఒక ఇల్లు ఇంకా పూర్తిగా మూసుకోలేదు." బొమ్మ గుప్పిట్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక గుండ్రటి బెజ్జం ఉందట, కందిగింజ పట్టేంత. అన్నాళ్లుగా కవిత్వం రాస్తున్నవాళ్లు ఎవరూ చూడలేదు. కన్నాలు వెతకడమే వృత్తి కాబట్టి ఆయనకి కనిపించింది. వదిన ఆయన మీద విరుచుకుపడిందట.

"అంత దగ్గరికి వెళ్లి చూడమని ఎవరు చెప్పారు మీకు? ఆడమనిషి చేతిని అలా పరీక్షగా చూస్తారా?"

"రాయండీ అది" అన్నాడట డాక్టరు.

"రాయైతే మాత్రం?"

అందరి కవితలకీ ఇంకా లోతుకి వెళ్లమనే మనిషి, ఈ ఒక్కాయన్ని మాత్రం వెనక్కి రమ్మనడం సభలో వాళ్లకి వింతగా తోచిందట.

పంతులమ్మగారు నాకీ సంగతి చెప్పింది మా ఇంటికి వచ్చినప్పుడు. బొమ్మ మీద కవితల సభలు వచ్చే ఆదివారంతో ముగుస్తున్నాయి. చివరి స్పందన చెక్కిన మనిషి భార్యదే కావాలని వాళ్లంతా అనుకున్నారు.

"నేను చదువుకోలేదండీ. నాకు కవిత్వం తెలీదు" అన్నాను.

"మీ వదినగారికి తెలుసా?" అన్నారు ఆవిడ.

నేను ఇంకేదో చెప్పి తప్పించుకుందామనుకుంటూ ఉండగా, అప్పుడే గుమ్మంలోకి వచ్చిన వదిన అందుకుంది. "రాదులెండి. తను అక్కడికి రాలేదు. ఆ ముఖం చూసి తట్టుకోలేదు. మావాడు ఎవత్తెనో చెక్కిపెట్టి పోయాడు. అది చూసి ఈ పిల్ల ఏమైపోవాలి?"

నాలో ఏదో తెగింది. "ఆయన అలాంటివారు కారు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నేను చెబుతున్నా."

"చూడకుండా ఎలా చెబుతావు?"

"అయితే చూసే చెబుతాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పంతులమ్మగారు టీ కప్పు కింద పెట్టి గబగబా వెళ్లిపోయారు, నేను మనసు మార్చుకునేలోపు.

ఆదివారం నాడు ఎన్నో నెలల తర్వాత చెప్పులు వేసుకున్నాను. అవి కూడా నన్ను గుర్తుపట్టలేదు, కాలు కరిచాయి. వదిన గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని అనుమానిస్తోంది. "గొడుగు తీసుకో. వాన రాదని రేడియోలో చెప్పారు." నేను గొడుగు తీసుకుని, తలుపు లాగి, మెట్లు దిగాను. మాది లాగితే తాళం పడిపోయే తలుపు. తాళంచెవి లోపల మేకుకే వేలాడుతోందని నాకప్పుడు తట్టలేదు. బయటికి వెళ్లే అలవాటు తప్పినవాళ్లు చేసే పొరపాటు అది.

హాల్లో నేను తల ఎత్తలేదు. వెళ్లి ముందు వరసలో కూర్చుని, నేల మీది పలకల గళ్లు చూస్తూ ఉన్నాను. ఎదురుగా ఆవిడ ఉందని తెలుస్తూనే ఉంది. చదవడం మొదలైంది. బీమా ఏజెంటు విత్తనానికి ఈసారి పేరు పెట్టుకుని వచ్చాడు, వేప. పంతులమ్మగారు ఆగిపోయిన అడుగులు మళ్లీ చదివారు. ఆ మాట దగ్గర వదిన గొడుగు నా చేతిలోంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది, కింద పడితే చప్పుడవుతుందని. డాక్టరు వదిన వైపు చూస్తూ, చాలా దూరంగా నిలబడి, తన కన్నం చదివాడు.

"ఇక మీరు" అన్నారు పంతులమ్మగారు నాతో.

నేను లేచి నిలబడ్డాను. తల ఎత్తాను.

నల్లరాతి స్త్రీ చిన్న పీట మీద ముందుకి వంగి కూర్చుని ఉంది. తల ఒక పక్కకి వాలి ఉంది. పెదాలు బిగిసి ఉన్నాయి. కుడి కనుబొమ్మ పైకి లేచి ఉంది. ఎదురుగా ఉన్న లోకాన్నంతా గిన్నెలో పోసిన పాలని చూసినట్టు చూస్తోంది.

ఇన్ని ఆదివారాలుగా ఇందరు కవులు ఆ ముఖం మీద విరహం రాశారు, నిరీక్షణ రాశారు, వేపవనం రాశారు. పక్క కుర్చీలోనే కూర్చుని తమని నిలదీస్తున్న మనిషిని మాత్రం ఎవరూ పోల్చుకోలేదు. తప్పు వాళ్లది కాదు. రాతిలో ఆవిడ నోరు మూసుకుని ఉంది. మా వదిన నోరు మూసుకుని ఉండగా ఆ సభలో ఎవరు చూశారు గనక?

నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. ఆగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుంటే ముక్కులోంచి వచ్చింది. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. అది కూడా నలుగురిలో, కవితల సభలో, వేపవనం పక్కన. పంతులమ్మగారు కంగారుగా మంచినీళ్లు తెమ్మన్నారు.

"ఏం లేదండీ" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "ఈవిడ నాకు తెలుసు."

హాలంతా ఒక్కసారిగా వదిన వైపు తిరిగింది. ఇప్పుడు ఏం వస్తుందో అందరికీ తెలుసు. ఎవరు చెప్పారు నీకు?

వదిన మాత్రం నా గొడుగు పిడిని శాలువా అంచుతో తుడుస్తూ కూర్చుంది. పళ్ల డాక్టరు ఒకసారి బొమ్మని చూశాడు, ఒకసారి వదినని చూశాడు, మళ్లీ బొమ్మని చూశాడు. నోరు తెరిచాడు. వదిన కనుబొమ్మ లేచింది. జన్మంతా ఇతరుల చేత నోళ్లు తెరిపించిన మనిషి, తన నోరు తాను మూసుకున్నాడు.

దారంతా వదిన ముందు నడిచింది. నేను వెనకే నడిచాను, ఆ ముఖం చూస్తే మళ్లీ నవ్వొస్తుందని. వాన వచ్చింది, ఒక్క గొడుగు ఇద్దరికీ చాలలేదు. ఇల్లు చేరి మెట్లెక్కి, తలుపు ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది.

"వదినా, తాళంచెవి లోపలే ఉండిపోయింది."

"ఎవరు చెప్పారు నీకు?"

"మేకుకి వేలాడుతోంది. తాళాలాయన్ని పిలవాలి."

"తాళాలాయనా? అన్ని ఇళ్ల తాళాలూ తీయగలిగినవాణ్ని పిలిచి మన ఇల్లు చూపిస్తావా?"

"మరేం చేద్దాం? వానలో నిలబడదామా?"

వదిన వీధి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకుంది. ఆ తర్వాత మెళ్లో ఉన్న నల్లతాడు బయటికి లాగింది. చివర ఒక తాళంచెవి ఉంది. మా ఇంటిదే. తల దగ్గర గుండ్రటి బెజ్జం. కందిగింజ పట్టేంత.

బొమ్మ గుప్పిట్లో పళ్ల డాక్టరుకి కనిపించిన కన్నం అదే.

"మీ దగ్గర ఇది ఎప్పట్నుంచి ఉంది?"

"ఇది మీ ఇంటిదని ఎవరు చెప్పారు నీకు?" అంది, తాళం తీస్తూ. తలుపు తెరుచుకుంది. ఇక బుకాయించడానికి ఏమీ మిగల్లేదు.

లోపలికి వచ్చి పొడి తువ్వాలు ఇస్తే, అది తడిగా ఉందేమోనని తడిమి చూసుకుని, తల తుడుచుకుంటూ గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

"షెడ్డులో వాడు పుస్తకం చదివే ఆవిడని గీసుకుంటున్నాడు. నేను పీట మీద కూర్చుని వాడి దగ్గు వింటున్నా. ఆ దగ్గు మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. ఏమనుకున్నాడో, జేబులోంచి ఇది తీసి నా చేతిలో పెట్టాడు. 'అక్కా, నేను లేకపోతే తను తలుపు వేసుకుని పడుకుంటుంది. తీయదు. తీయని రోజున నువ్వు తీయి' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? గుప్పిట మూసి, వాణ్ని ఒక చూపు చూశాను. 'తను తీయదని ఎవరు చెప్పారు నీకు?' అన్నాను."

వానకి కిటికీ రెక్క కొట్టుకుంటోంది. మూయడానికి నేను లేవలేదు.

"వాడు నవ్వాడు. నవ్వి, దగ్గి, 'అలాగే ఉండు అక్కా, కదలకు' అన్నాడు. పుస్తకం ఆవిడ కాగితం చింపేశాడు. ఇక రోజూ అదే పీట, అదే గుప్పిట. నడుం పట్టేసింది. ఆ పీట ఒక కాలు పొట్టి, నేను మొదటి రోజే చెప్పాను."

అన్ని పొద్దుల్లో ఒక్కరోజూ ఆవిడ ఆ తాళంచెవి వాడలేదు. మెళ్లో వేసుకుని వచ్చి, తలుపు మీద గుద్దుతూ, చెవి ఆనించి, నా అడుగుల చప్పుడు వినపడేదాకా నిలబడేది. ఒక నిమిషంలో తెరవగలిగిన తలుపు ముందు.

"మరి ఎవత్తెనో చెక్కాడన్నారు నాతో. ముక్కు మన వైపుది కాదన్నారు. చూపు మంచిది కాదన్నారు."

"చూపు మంచిది కాదు మరి. నువ్వు చూశావుగా" అంది వదిన. "ఊరికే రమ్మంటే వచ్చేదానివా?"

నేను లేచి పొయ్యి వెలిగించాను. పాలు పెట్టాను. వదిన వచ్చి నా భుజం మీంచి గిన్నెలోకి తొంగి చూసింది, తల వాల్చి, కనుబొమ్మ లాగి. నేను గిన్నెని చూడలేదు, ఆవిడనే చూశాను. మా ఆయన చెయ్యి ఎక్కడా తప్పలేదు.

మర్నాడు పొద్దున నాకు ముందే మెలకువ వచ్చింది. ముఖం కడుక్కుని, తలుపు వెనక నిలబడ్డాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముందు మెల్లగా కొట్టింది. తర్వాత నిశ్శబ్దం. తలుపుకి ఆ పక్కన ఆవిడ చెవి, ఈ పక్కన నా చెవి. తర్వాత పటాలు కదిలేలా కొట్టింది.

"తాళంచెవి మీ దగ్గరే ఉందిగా వదినా" అన్నాను లోపల్నుంచి.

"నిన్న వానలో తడిసింది. పనిచేస్తుందని ఏం నమ్మకం? తీయి. లోపల ఉన్నావు కదా?"

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

బయట చెప్పులు ఒక అడుగు వెనక్కి వేసిన చప్పుడు. తర్వాత వదిన గొంతు తగ్గించి, చాలా జాగ్రత్తగా అంది.

"ఈ మాట మా మరదలిది కాదు. ఎవరు నువ్వు? ముందు తలుపు తీయి, చూస్తే గానీ నమ్మను."